గడప కాడ ఆగిన పేరు

మీ డాక్టరమ్మ కాయితం మీద ఏం రాసుకుంటదో రాసుకోనియ్యి గానీ బిడ్డా, ముందుగాల నేను చెప్పేది విను. "మీ ఇంట్ల ఇంకెవలకన్న నత్తి ఉండెనా? ఎట్ల మొదలైంది? దేన్నన్న చూసి జడుసుకున్నరా?" అని అడిగిందంటివి. ఉండె. మీ నానమ్మకు ఉండె, నీలమ్మకు. జడుసుకున్నదా అంటే, ఆ సంగతి నాకంటె ఎక్కువ ఎరుకైనోళ్లు ఇప్పుడు భూమ్మీద లేరు. జడిపిచ్చింది నేనే.

నేను మీ తాత బాలనర్సయ్యకు చెల్లెను. పేరు కనకలక్ష్మి, ఊరంత కనకవ్వ అంటరు. ఎనభై దాటినయి. కండ్లకు మసకలొచ్చినయి గానీ నోటికి రాలే. నువ్వు పొద్దుగాల ఉరికిపోయే ఆ అద్దాల బిల్డింగు కాడ అప్పుడు బండరాళ్లు, సీతాఫలం చెట్లు, గొర్ల మందలు. మన కొండాపూర్ల అంత కలిపితే అరవై కొంపలు. రాయదుర్గం గుట్ట కాడ కొట్టిన బండలను మా అన్న ఎడ్లబండి మీద లింగంపల్లి టేషన్‌కు తోలేటోడు. మా నాయిన చిన్నప్పుడే పోయిండు. ఇంట్ల మా అమ్మ బుచ్చమ్మ, అన్న, నేను. గంతే.

నీలమ్మది బాచుపల్లి. పిల్లను చూడవోయిన నాడు తల వంచుకొని కూసున్నది, ఏమడిగినా తలూపింది. మా అమ్మ మురిసిపోయింది. "నోట్ల నాలిక లేని పిల్ల, మన కనకి లెక్క వసపిట్ట గాదు" అన్నది. పిల్లను చూసే కాడ పిల్లను ఎవలు మాట్లాడనిస్తరు? ఆ పిల్ల మేనమామ మాకు మంచినీళ్ల చెంబు ఇచ్చుకుంట "తా.. తా.. తాగుండ్రి" అన్నడు. అందరం విన్నం. ఎవలం ఏమనుకోలే. సొతంత్రం రాకముందు ఏడాది ఎండకాలం లగ్గం చేసినం.

మన రివాజు నీకు ఎరుకే. కొత్త జంట గడప కాడికి రాంగనే ఆడిబిడ్డ అడ్డం నిలవడాలె. ఒకరి పేరు ఒకరు చెబితెనే లోపలికి ఇడువాలె. ఇప్పుడైతే మీరు మొగన్ని పేరు పెట్టి పిలుస్తరు, ఫోన్ల తిడతరు కూడ. అప్పుడు ఆడది మొగని పేరు నోట అనేది జన్మల ఆ ఒక్కసారే. తర్వాత అంటే ఆయన ఆయుష్షు తగ్గుతదనేటోళ్లు. అందుకని ఆ ఒక్కసారి ఇననీకి వాడకట్టు ఆడోళ్లంత జమైతుండిరి.

నేను దర్వాజకు రెండు దిక్కుల చేతులు చాపి నిలవడ్డ. పదిహేడేండ్లు నాకు. నా అంత హుషారుది ఊర్ల లేదనుకునేదాన్ని.

"నేను, నీలమ్మ వచ్చినం" అని మా అన్న గబగబ అనేసిండు. అందరు నవ్విండ్రు.

"ఇగ నువ్వు చెప్పు వదినె. చెప్పకుంటే ఈడ్నే పొద్దు గూకుతది" అన్న.

"నేను, బా..." అన్నది. ఆగింది. "బా.. బా.. బా.."

సిగ్గనుకున్న. ఒట్టు బిడ్డా, సిగ్గే అనుకున్న. "బాబానా? బాబా కావాల్నంటే మణికొండ దర్గకు పోవాలె గానీ మా ఇంటికి వస్తివేంది?" అన్న.

వాకిలంత ఒక్కటే నవ్వు. పిల్లలు "బాబా, బాబా" అని అందుకున్నరు. నీలమ్మ మెడ నరాలు ఉబ్బినయి. కండ్లు గట్టిగ మూసుకున్నది. పెదువులు ఒకదానికొకటి అతుక్కపోయినయి, విడిపిద్దామంటే విడివడతలేవు. నొసట బాసింగం వణుకుతున్నది. అప్పుడన్న నేను చేతులు దించాలె కద. దించలే. గెలుస్తున్న కదా అని దించలే. ఆఖరికి మా అమ్మ "ఎండకు పడిపోతది, ఇడువే దొంగసచ్చినదానా" అని తిడితే, "బాలనర్సయ్య! ఇగో, నేనే అన్న, నువ్వు అన్నట్టే" అని ఎక్కిరిచ్చి చేతులు తీసిన.

ఆమె కుడికాలు ముందర పెట్టి లోపలికి వచ్చింది. ఆమె మాటను నేను అందుకునుడు ఆ దినమే మొదలైంది.

నాలుగు దినాలల్ల ఎరుకైంది, అది సిగ్గు గాదు, నత్తి అని. అమ్మ పెద్ద లొల్లి చేసింది, దాచిపెట్టి అంటగట్టిండ్రని. ఎవలకు తోచిన కారణం వాళ్లు చెప్పిండ్రు. చిన్నప్పుడు వస పోయలేదన్నది ఒకామె. నీలమ్మది పుర్రచెయ్యి. ఎడమ చేత్తోని అన్నం తింటున్నదని తల్లి వాత పెట్టి చెయ్యి మార్పిచ్చిందట, దాంతోనే నాలిక తిరగవడ్డదన్నది ఇంకొకామె. శేరిలింగంపల్లి హకీం నాలిక లేపి చూసి, "నరం బిగుసుకున్నది, జర కోస్తే సాఫ్ అయితది" అన్నడు. మా అన్న కోయనియ్యలే.

"అది నాతోని మాట్లాడుతనే ఉన్నది. నాకేం ఫికర్ లేదు" అన్నడు.

నిజమే, మాట్లాడుతుండె. ఎందుకంటే ఆయన ఇనేటోడు. ఒక్క మాటకు మూడుసార్లు ఆగినా, తంబాకు నలుపుకుంట, ఆమె మొకం దిక్కే చూసుకుంట కూసునేటోడు. తంబాకు ఎప్పుడో నలిగేది, అయినా నలుపుతనే ఉండేటోడు.

ఒకనాడు నేను పిడకలకని కొట్టం దిక్కు పోయిన. లోపట ఎవలో గలగల మాట్లాడుతున్నరు. "ఏందిరా రాముడూ, బాగ అలిసినవా? బాలనర్సయ్య ఇయ్యాల గుట్ట పైకెంచి గుంజిపిచ్చిండా? రానియ్యి, నేను అడుగుత. నిన్నేమన్న ఇనుముతోని చేసిండ్రనుకున్నడా?" అని. తొంగి చూస్తే నీలమ్మ. ఎద్దు మెడ గోకుకుంట మాట్లాడుతున్నది. ఒక్క అక్షరం తట్టుకోలే. అదీ మొగని పేరు పెట్టి! నేను నోరు తెరుసుకొని నిలవడ్డ. నన్ను చూసింది. "ఊ.. ఊ.. ఊకెనే" అన్నది. మళ్ల నోటికి తలుపు పడ్డది.

నాకు కోపమొచ్చింది, ఉన్నమాట చెప్తున్న. ఎడ్లతోని వచ్చే మాట మనుషులతోని ఎందుకు రాదు? నరమే బిగుసుకుంటే ఎడ్ల ముంగట ఎట్ల సదురుకుంటది? వేషాలు అనుకున్న. మొన్న నువ్వు కుక్కపిల్లను ఒళ్లె కూసోబెట్టుకొని ఆగకుండ ముచ్చట పెడుతుంటే నాకు ఆ కొట్టమే యాదికొచ్చింది. అందుకే లేసి లోపలికి పోయిన. నువ్వు ఏమనుకున్నవో.

కోపం తగ్గినంక జాలి మొదలైంది. జాలి ఇంక పాడుది. ఆమె "ఉ.." అనంగనే "ఉప్పా?" అని అందుకునేదాన్ని. తలూపేది. ఉప్పు తెచ్చిస్తే తీసుకునేది. ఆమెకు కావాల్సింది ఎడ్లకు ఉలవలు. కాదని చెప్పాల్నంటే మళ్ల నోరు తెరవాలె కద, దానికంటె ఉప్పే నయమనుకునేది. అడగనిదే అమ్మైన పెట్టదంటరు, మా ఇంట్ల ఆమెకు అడిగే సందే నేను ఇయ్యలే. పైకెంచి, "మా వదినె మనసుల మాట నేను చెప్తా" అని ఊరంత చెప్పుకొని తిరిగిన.

మొగని పేరుకు ఉపాయం చెప్పింది కూడ నేనే. పేరు అనరాదు గనుక మన ఆడోళ్లు సైగ మాట చెప్తరు కద, ఫలానా దేవుని పేరు అని. "ఎవలన్న అడిగితే 'యాదగిరి గుట్ట సామి పేరు' అను వదినె. నరసింహసామి అని పసిపోరలకు కూడ ఎరుకే. ఇగ బా తోని నీకు పని లేదు" అన్న. య తోని మొదలయ్యే మాటలు ఆమెకు జర నడుస్తుండె. సంబురపడ్డది. ఊర్ల ఎవలడిగినా అదే చెప్పేది, అందరికి అర్థమయ్యేది. ఊర్ల అందరికి ఆయన పేరు ముందే ఎరుక కద. ఆ ముక్క నా బుర్రకు తట్టలే.

ఏడాదికి నాకు లగ్గమైంది, రామచంద్రంతోని. ఆయనది తాండూరు దిక్కు రైల్వే గ్యాంగుల పని. తొలిసూరు పురుటికి నేను పుట్టింటికి వచ్చిన. నలభై ఎనిమిదో సాలు అది. వినాయక చవితి నాటికి నాకు పిల్ల పుట్టి వారం. చవితి తెల్లారి గుట్ట కాడ మా అన్న బండి తలకిందులైంది. బండ కాలు మీద పడ్డది. గుట్ట మేస్త్రీ లారీల ఏసుకపోయి పట్నంల ఒక పెద్ద దవాఖానల చేర్పిచ్చి, పేరు రాయిచ్చి, ఒక మనిషితోని మాకు కబురంపి, ఎటు పోయిండో పోయిండు. అవి అసొంటి దినాలు. మిలిట్రీ వస్తదంటుండ్రు, లడాయి అయితదంటుండ్రు. ఎవని పానం వాడు చేతుల పట్టుకొని ఉరుకుతుండె.

నేనేమో పచ్చి బాలింతను. అమ్మకు కండ్లు సరిగ కానరావు. శుక్రవారం నాడు నీలమ్మ ఒక్కతే జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూట కట్టుకొని లింగంపల్లిల రైలెక్కనీకి బయలెల్లింది. నేను పిల్లనెత్తుకొని గడప దాక వచ్చిన.

"యాదగిరి గుట్ట సామి పేరు. మర్వకు" అన్న.

తలూపి పోయింది.

దవాఖాన గేటు కాడ ఒక ముసలి మున్షీ పెద్ద బుక్కు ముంగటేసుకొని కూసున్నడట. మంచోడే. ఆయన్ని తిట్టనీకి నాకు ఎన్నడు నోరు రాలే. "ఎవల మనిషివమ్మా? పేరేంది?" అన్నడు.

"యాదగిరి గు.. గు.. గు.." అన్నది. ఎన్క మనుషులు నూకుతున్నరు. గుట్ట రాలే. సామి రాలే.

ఆ మున్షీకి కూడ మన రివాజు ఎరుకే. మొగని పేరు అననీకి ఈ పిల్ల ఇంత అరిగోస పడుతున్నదని అనుకున్నడు. "చాలమ్మా చాలు. పేరు అన్నవు, ఇగ అనకు. ఆ పాపం నాకెందుకు" అన్నడు. "యాదగిరి. బండల పని కాడ దెబ్బ తాకినాయనే కద?"

తలూపింది.

"కాలుకే కద?"

తలూపింది. గుట్ట పేరు వినంగనే దేవుని పేరు సమజైందనుకున్నది ఆమె. మున్షీ బుక్కుల వేలు పెట్టి ఎతికిండు. వేలు తీసి బుక్కు మూసిండు. తర్వాత, "అమ్మా, ఆయన నిన్న పొద్దుగాలనే పోయిండు. మీరెవ్వలు రాకపోతిరి. దవాఖానోళ్లే తీస్కపోయి మన్ను చేసిండ్రు" అన్నడు.

ఆ యాదగిరి ఎవలో, ఏ ఊరోడో, ఏ గుట్ట కాడ పడ్డడో. ఆయన తల్లికి ఎన్నడు ఎరుకైందో, అసలు ఎరుకైందో లేదో. మా అన్న బాలనర్సయ్య ఆ గోడ అవతల్నే మంచం మీద ఉన్నడు. పానంతోని ఉన్నడు. తొవ్వ దిక్కు చూసుకుంట ఉన్నడు.

పొద్దుమీకే యాళ్లకు నీలమ్మ ఇంటికి చేరింది. రొట్టెల మూట విప్పలే, కట్టింది కట్టినట్టే ఉన్నది. "ఎట్లున్నడే?" అని అమ్మ అడిగితే అరచెయ్యి తిప్పి ఖాళీగ చూపిచ్చింది, వంగి పిడికెడు మన్ను తీసి ఇడిచింది. అమ్మకు కానరాలే. నేనే చెప్పాల్సి వచ్చింది. అమ్మ అరిచిన అరుపుకు వాడంత వచ్చి వాకిట్ల పడ్డది. నీలమ్మ ఏడ్వలే. నాకూ ఏడుపు రాలే. పిల్లకు పాలిస్తున్న, పిల్ల తాగుతున్నది, నాకేమో ఆ రొమ్ము ఎవలదో అన్నట్టుండె. ఎవలో వచ్చి నా చేతికి గంజి చెంబు ఇచ్చిండ్రు. అది సల్లారిపోయేదాక పట్టుకొని కూసున్న. అది ఎందుకు ఇచ్చిండ్రో నాకు సమజ్ కాలే.

సోమవారం నాడు మిలిట్రీ వచ్చిందన్నరు. రైళ్లు బందు, పట్నం తొవ్వలు బందు. గుట్ట పని బందు. పోయి చూసొద్దామన్న మాట ఎవలూ ఎత్తలే. మన్నైనోన్ని ఏం చూస్తరు?

ఆ మర్నాడు నేను పిల్లను జోకొడుతుంటే నీలమ్మ వచ్చి పక్కపొంటి కూసున్నది.

"కనకా, యాదగిరి అ.. అ.. అ.." అన్నది.

ఆమె మాట కోసం కూసునే ఓపిక నా కాడ లేకుండె. "యాదగిరి సామి అన్యాయం చేసిండంటవా? చేసిండు వదినె. ఎవలకు చెప్పుకుంటం" అన్న.

నా దిక్కు చానసేపు చూసింది. తలూపింది. లేసి పోయింది.

పదకొండో నాడు గాజులు తీసే కాడ మళ్ల అన్నది. ఆడోళ్లంత చుట్టు కూసున్నరు. మా మేనత్త సక్కుబాయి చెయ్యి పట్టుకుంటే నీలమ్మ గుంజుకున్నది. "యాదగిరి అని.. రా.. రా.. రా.." అన్నది.

"రాడు వదినె, ఇగ రాడు" అన్న నేను.

అందరు ఘొల్లుమన్నరు. ఆ ఏడుపులనే గాజులు పగలగొట్టిండ్రు, బొట్టు తుడిచిండ్రు.

ఆమె చెప్పబోయింది "యాదగిరి అని రాసుకున్నడు" అని. దవాఖాన నుంచి వచ్చేటప్పుడు రైల్ల కూసొని మున్షీ అన్న మాటలు ఒకటొకటే యాది చేసుకుంటే ఆమెకు అనుమానం తాకింది. ఆయన బుక్కుల చూసింది దేవుని పేరు గాదు, యాదగిరి అనే మనిషి పేరు అని. అది చెప్పనీకి రెండుసార్లు నా కాడికి వచ్చింది. 'రా' కాడ ఆమె ఆగితే నేను 'రాడు' చేసిన. ఇది నేను ఇన్నేండ్లల్ల ఎవలకు చెప్పలే. నీకే చెప్తున్న.

మూడోసారి ఆమె అడగలే. తానే తప్పు అనుకున్నదేమో. ఇంతమంది ఏడుస్తుంటే తన ఒక్కదాని అనుమానం ఎంత అనుకున్నదేమో. కొట్టంలకు పోయి గడ్డి ఏసేది, నీళ్లు పెట్టేది. ఎడ్లతోని కూడ మాట బందు పెట్టింది. రాముడు మూతి తెచ్చి చేతికి రాసినా ఊకెనే నిలవడేది. ఆ ఏడు మా ఇంట్ల బతుకమ్మ పేర్చలే. ఎన్క వాడల ఆడోళ్లు పాడుతుంటే వినవడుతుండె. నేను వింటున్ననా, లేదా అని కూడ నాకు ఎరుక లేకుండె. తింటున్నం, పంటున్నం, లేస్తున్నం. దుఃఖం ఉంటే కుండ గుమ్మరిచ్చినట్టు గుమ్మరిస్తరు, ఏడుస్తరు, అయిపోతది. మాకు అది కూడ లేదు. మొద్దుబారి ఉన్నం.

దసరా పోయి వారమైంది. పొద్దు బారెడెక్కింది. నేను పిల్లకు తానం పోస్తున్న. బండల లారీ ఒకటి వాకిట్ల ఆగింది. దాంట్ల నుంచి ఒకాయన సంకల కట్టె పెట్టుకొని దిగిండు. మాసిన గడ్డం. మోకాలు పైకెంచి కుడికాలు లేదు.

"నలభై దినాలాయె. ఒక్కలన్న రాకపోతిరి" అన్నడు. "కాలు లేనోడు ఇంటికెందుకని ఇడిచిపెట్టిండ్రా?"

మా అన్న గొంతు. అమ్మ తడుముకుంట లేసింది. నా చేతులల్ల పిల్ల సబ్బు నురుగుతోని ఏడుస్తున్నది. నేను కదల్లే. నాకు సంతోషం రాలే బిడ్డా, భయం కూడ రాలే. అయ్యో దినం చేసినం కద అన్న ఒక్క మాటే తలకాయల తిరిగింది.

అన్న నీలమ్మను చూసిండు. బోడి చేతులు, బోడి నొసలు. అప్పుడు ఆయనకు సమజైంది, మేము రాకపోవుడు ఎందుకో. మొకం పక్కకు తిప్పుకున్నడు.

వాడకట్టంత జమైంది. ఊరి పెద్దమనిషి ఐలయ్యను పిలుచుకొచ్చిండ్రు. ఆయన గడ్డం గోక్కొని, "దినం అయినోడు చక్కగ గడప దాటొద్దు. మళ్ల పుట్టినట్టు లెక్క. ఇంటోళ్లు నీళ్లు చల్లి, పేరు పెట్టి పిలిచి తీసుకోవాలె" అన్నడు.

"ఇది పిలవాలె" అన్నది మా అమ్మ, నీలమ్మ ఉన్న దిక్కుకు చెయ్యి చూపిచ్చి. "దీని నోటితోనే పోయిండు నా కొడుకు. దీని నోటితోనే రానియ్యి."

"మొగని పేరు కద" అని ఎవలో నసిగిండ్రు.

"కొత్తగ వచ్చినట్టే గనుక ఆ ఒక్కసారి మళ్ల వచ్చినట్టే" అన్నడు ఐలయ్య.

నీలమ్మ నీళ్ల చెంబు పట్టుకొని గడప లోపట నిలవడ్డది. రెండేండ్ల కింద నేను చేతులు చాపి నిలవడ్డ జాగల. మా అన్న గడప అవతల. నీళ్లు చల్లింది.

"బా.." అన్నది.

వాకిలంత మనుషులు. ఈసారి ఎవలూ నవ్వలే. "బా.. బా.." మెడ నరాలు అట్లనే ఉబ్బినయి. పెదువులు అట్లనే అతుక్కున్నయి. నా నాలిక మీద పేరు తయారుగ ఉన్నది. బాలనర్సయ్య. ఎంతసేపు, ఒక్క ఊపిరి. నేనంటే అయిపోతది, అన్న లోపలికి వస్తడు. ఒంటికాలు మీద ఆయన వణుకుతున్నడు, కట్టె జారుతున్నది. నేను నోరు తెరిచిన.

నీలమ్మ ఎనక్కి తిరగలే. తిరగకుండనే చెయ్యి లేపింది. పుర్రచెయ్యి. ఆగు అని.

ఆగిన. కొంగు నోట్ల కుక్కుకున్న.

అన్న ఆమె మొకం దిక్కే చూస్తున్నడు. చేతుల తంబాకు లేదు గానీ, అదే చూపు. బియ్యం కడిగి ఎసట్ల పోసేంత సేపు పట్టింది. ఇంక ఎక్కువే పట్టింది. "బా..ల" వచ్చింది. ఆగింది. "న.. న.. నర్" వచ్చింది. మళ్ల ఆగింది. ఊపిరి తీసుకున్నది. "సయ్య" వచ్చింది. చెమటకు రైకంత తడిసిపోయింది.

"కుడికాలు ముందర పెట్టి రా బిడ్డా" అన్నది మా అమ్మ. అలవాటు కొద్ది అన్నది. ఆమెకు కానరాదు కద. ఏ కాలు పోయిందో ఇంక ఎవలూ చెప్పలే.

 మా అన్న ముందుగాల కట్టెను లోపట పెట్టిండు. తర్వాత ఉన్న కాలు పెట్టిండు.

తెల్లారి పొద్దుగాల నీలమ్మ ఆయనకు అంత చెప్పింది. యాదగిరి సంగతి, బుక్కు సంగతి. కొట్టం కాడ కూసొని చెబుతుంటే నేను గోడ ఇవతల విన్న. ఎంతసేపు పట్టిందో! ఆయన మధ్యల ఒక్క మాట అనలే. ఆఖరికి "రాడు అన్నదెవలు?" అని అడిగిండు. నీలమ్మ చెప్పలే. ఆ ఒక్కసారి నత్తి లేకున్నా ఆగింది.

కాలు కట్టు మార్పియ్యనీకి దవాఖానకు పోయినప్పుడు నేను కూడ పోయిన. అక్కడి చిన్న డాక్టరును అడిగిన. "జడిపిస్తే నత్తి వస్తదా సాబ్? పెండ్లి నాడు గడప కాడ నిలవెట్టి నవ్వితే వస్తదా?" అని. ఆయన చేతులు కడుక్కుంట ఆలోచన చేసిండు. "పుర్రచెయ్యి మార్పిస్తే వస్తదని కొందరంటరు, చిన్నప్పటి భయంతోని వస్తదని కొందరంటరు. నాకు తెల్వదమ్మా. ఇంకెవలకు తెలిసినట్టు కూడ లేదు" అన్నడు. తెల్వదని ఒప్పుకున్న డాక్టరును నేను ఆయన్నొక్కన్నే చూసిన. గానీ నాకు ఆ జవాబు సాలలే. అవునంటే ఏడుద్దును, కాదంటే బతుకుదును. అరవై ఏండ్లు ఆ నడుమల్నే ఉన్న.

మొన్న నువ్వు చెప్పినవు కద, మీ డాక్టరమ్మ ఏమన్నదో. మెదడుల మాట తయారయ్యే కాడ తేడా ఉంటదట, రక్తంల వస్తదట, పసితనంలనే మొదలైతదట. మేనమామకు ఉండె, నీలమ్మకు ఉండె, మీ నాయినకు రాలే, నీకు వచ్చింది. పుర్రచెయ్యి పాపం కూడ కాదట. భయంతోని పుట్టదట గానీ, భయపడితే ఎక్కువైతదట. ఎడ్లు నవ్వవు, తొందరపెట్టవు, అందుకే వాటి ముంగట మాట సాఫ్‌గ వస్తదట.  విత్తనం నేను ఎయ్యలేదట. ఎయ్యలేదంటే సంతోషం కావాలె కద? కాలే. నీళ్లు పోసింది నేనే.

మీ నానమ్మకు చచ్చేదాక నత్తి పోలే. మీ నాయినను జోకొట్టుకుంట పాడితే ఆగేది గాదు, మాట్లాడితే ఆగేది. మా ఇంట్ల అందరం నేర్సుకున్నం, ఆమె ఆగితే మేము కూడ ఆగుడు. చెప్పినంత సులువు గాదు అది, నా అసొంటి నోటికి. కొంగు కొసలు ఎన్ని నమిలిననో నాకే ఎరుక. నీ ఆఫీసుల పొద్దుగాల్నే అందరు నిలవడి మాట్లాడే మీటింగు ఉంటదంటివి, నీ వంతు రాంగనే పక్కోడు నీ మాట అందుకుంటడంటివి. వాడు మంచోడే అయ్యుంటడు. నేను కూడ మంచిదాన్నే అనుకున్న. చెయ్యి లేపు బిడ్డా. ఏ చెయ్యైనా సరే.

ఇగో, ఏందో అడగబోతున్నవు. "అ.." అంటున్నవు. ఏమడుగుతవో నాకు తెలుసనిపిస్తున్నది. అయినా నేను అందుకోను. అడుగు. కూసున్న.